పట్నం పొలం గట్టు మీదికి వచ్చినప్పుడు

ఎవుసం లేని ఊరి గురించి ఎవుసం పేజీలో రాయడమేమిటని మా ఆఫీసులోనే ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నానక్‌రామ్‌గూడ అనగానే ఇప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేవి అద్దాల మేడలు, ఔటర్ రింగ్ రోడ్డు, 2023లో బేగంపేట నుంచి ఇక్కడికి మారిన అమెరికా కాన్సులేట్. పొద్దున్నే ఫైళ్లు చంకన పెట్టుకుని వీసా కోసం వచ్చే పిల్లలకు ఈ చుట్టుపక్కలంతా ఒకప్పుడు జొన్న, కంది పండేదని చెబితే నవ్విపోతారు.

అయినా రాస్తున్నాను. ఎందుకంటే శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్, కందుకూరు, యాచారం మండలాల్లో తిరిగినప్పుడు రైతులు ఇప్పుడు అడుగుతున్న మాటలే పాతికేళ్ల కిందట నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి, పుప్పాలగూడ, కోకాపేట రైతులు అడిగారు. రోడ్డు వస్తదట కదా, నిజమేనా? ఇప్పుడే అమ్మాల్నా, ఆగాల్నా? పిలగాడు ఎవుసం చేయనంటున్నడు, ఏం చేయాలె? ఆ ఊళ్లలో ఎవరు ఎట్లా మారారో, ఎవరు మారలేక చెడ్డారో చూసిన తర్వాత మన లెక్క మనం వేసుకోవచ్చు. ఈ వారం పేజీ అందుకే.

ఊరు మారిన తీరు

శేరిలింగంపల్లి మండలంలో నానక్‌రామ్‌గూడ చిన్న ఊరు. రంగనాథస్వామి గుడి, దాని చుట్టూ ఇళ్లు, ఊరి బయట బండలు, బండల మధ్య ఎర్ర చల్క భూములు. వానాధారం కింద జొన్న, కంది, ఆముదం. చెరువులు, కుంటల కింద కొద్దిగా వరి. బండల మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటకుండానే కాసేవి. చల్క నేల కాబట్టి దిగుబడి అంతంతమాత్రం. అందుకే ఇంటింటికీ బర్రెలు ఉండేవి. పాలు, కూరగాయలు సైకిళ్ల మీద పట్నం పోయేవి. అంటే ఈ ఊరు మొదటినుంచీ పట్నం మీద ఆధారపడ్డదే. ఈ సంగతి మనం తరచుగా మరిచిపోతాం.

మార్పు ఒక్క రోజులో రాలేదు. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి పక్కకు వచ్చింది. అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2001 డిసెంబరులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదలైంది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. సైబర్ టవర్స్ నుంచి ఔటర్ దాకా లెక్కపెడితే పదేళ్లు. ఒక మామిడి మొక్క నాటి అది నిండుగా కాపుకొచ్చే కాలం. ఆ పదేళ్లలో ఇక్కడ మూడు తరాల ఎవుసం ముగిసింది.

ధరల సంగతి చెప్పకపోతే కథ సగమే. పక్కనున్న కోకాపేటలో 2021 జులైలో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 60 కోట్ల 20 లక్షలు పలికింది. 2023 ఆగస్టులో అక్కడే ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఈ అంకెలు చూసి ఆ ఊరి రైతులంతా కోటీశ్వరులయ్యారనుకునేరు. వేలం వేసింది ప్రభుత్వ సంస్థ. ఆ డబ్బు రైతుది కాదు. ఇక్కడి రైతుల్లో చాలామంది భూమి చేతులు మారింది ఈ ధరలకు చాలా ఏళ్ల ముందే, ఈ ధరల్లో పిసరంతకు. ఇప్పుడు ఆ మేడల ముందు నుంచి పోతూ, ఇది మా చేను అని చెప్పుకునే పెద్దమనుషులు ఉన్నారు.

మా మేనమామ రెండెకరాలు

ఎక్కడో చూసిందే కాదు, మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. గోపన్‌పల్లి వైపు మా చిన్న మేనమామకు రెండెకరాల చల్క ఉండేది. నేను ఇంటర్ పూర్తిచేసి పనికోసం తిరుగుతున్న రోజుల్లో, ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిపేవాణ్ని. 2004లో ఒక బ్రోకరు వచ్చి, మళ్లీ ఈ ధర రాదు, వారంలో తేల్చమన్నాడు. మామ వారం కూడా ఆగలేదు. వచ్చిన సొమ్ముతో పాత ఇల్లు కూలగొట్టి రెండంతస్తులు కట్టాడు, జీపు కొన్నాడు, ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేశాడు. మిగిలింది చేబదుళ్ల కింద పోయింది. 2009 నాటికి అదే దారిలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలాదారుగా చేరాడు.

పనిలో చిన్నతనం లేదు. మామ కూడా ఎన్నడూ చిన్నతనం అనుకోలేదు. కానీ ఆయనను తినేసింది వేరే సంగతి. ఉత్తర చిర, ముసురు, తొలకరి అని వేళలు చెప్పి పది మందికి విత్తనం వేసే అదును తెలిపిన మనిషి, పన్నెండు గంటల డ్యూటీ కుర్చీలో కూచుంటే తనకు తెలిసిన విద్య ఒక్కటి కూడా పనికిరాలేదు. ఆయన భూమి అమ్మడం తప్పని నేననను. రోడ్డు వచ్చాక ఆ రెండెకరాలు సాగులో నిలిచేవి కావు. తప్పు ఎక్కడంటే, భూమితోపాటు చేతిలోని పనిని కూడా అమ్మేసుకున్నాడు. అదే ఊళ్లో మరికొందరు భూమి ఇచ్చి పనిని మాత్రం అట్టేపెట్టుకున్నారు. తేడా అక్కడుంది.

ఆకుకూరల లెక్క

పట్నం పక్కకు వస్తే మొదట చచ్చేది ఏడాది పంట. జొన్న, కంది నెలల తరబడి పొలంలో ఉండాలి. ఈలోపు కోతులు, పందులు, పక్క వెంచర్ వాళ్ల మట్టి లారీలు, కూలీల కొరత. మొదట బతికేది నెల రోజుల పంట. పాలకూర, మెంతి, తోటకూర విత్తిన 25–30 రోజుల్లో కోతకొస్తాయి. కొత్తిమీర 35–45 రోజులు, పుంటికూర కొంచెం అటూఇటూ నెల దాటుతుంది. నేల మీద ధీమా లేనప్పుడు, అంటే వచ్చే ఏడాది ఈ మడి మనదో కాదో తెలియనప్పుడు, నెల పంటే క్షేమం. ఖాళీ ప్లాట్ల యజమానుల దగ్గర మాట తీసుకుని, గోడ కట్టేదాకా అంటూ కూరలు పండించుకునే ఆడవాళ్లు ఔటర్ పక్కన ఇప్పటికీ కనిపిస్తారు. కాగితం ఉండదు, కౌలు నామమాత్రం. రేపు బుల్డోజర్ వస్తే ఇవాళే కట్టలు కట్టి అమ్ముకుంటారు.

సొంత భూమి ఉన్నవారు ఇంకొంచెం పద్ధతిగా చేయొచ్చు. 20 గుంటలు ఉందనుకుందాం. అంతా ఒకేసారి పాలకూర వేస్తే అంతా ఒకేసారి కోతకొచ్చి ధర కూలుతుంది. 5 గుంటల చొప్పున నాలుగు మడులు చేసి వారానికో మడి విత్తుకోవాలి. పాలకూర విత్తనం ఎకరానికి 10–12 కిలోలు పడుతుంది. 5 గుంటలకు కిలోన్నర చాలు. మొదటి కోత తర్వాత 10–15 రోజులకోసారి చొప్పున నాలుగైదు కోతలు వస్తాయి. కోత కోసిన ప్రతిసారీ కొద్దిగా నత్రజని, నీటి తడి ఇవ్వాలి. కొత్తిమీర వేసేవారు ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి ఆరబెట్టి చల్లాలి. బద్ద చేయకుండా వేస్తే మొలక ఆలస్యం, వరుసలు చిందరవందర. వేసవిలో కొత్తిమీరకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కడితే ధర మంచిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో నాలుగు డబ్బులు కళ్లచూడొచ్చు.

ఒక హెచ్చరిక. ఆకుకూరను ఆకుతోసహా తింటారు. కాయకూరకు కొట్టినట్టు దీనికి మందు కొట్టడం కుదరదు. పేనుబంక, ఆకుతినే పురుగు కనిపిస్తే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. రేపు కోతనగా ఇవాళ మందు కొట్టే అలవాటు మాత్రం మానాలి. కొనేవాళ్లు ఇప్పుడు ఊరికే కొనడం లేదు, అడుగుతున్నారు.

అమ్మకం సంగతి. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి బజార్లకు ఈ చుట్టుపక్కల రైతులు గుర్తింపు కార్డు పట్టుకుని పోయేవారు. దళారీ లేకుండా అమ్ముకోవడం అప్పట్లో కొత్త. ఇప్పుడు కొనుగోలుదారే మన దగ్గరికి వచ్చి కూచున్నాడు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం దారుల్లో హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, కంపెనీల క్యాంటీన్లు రోజూ వాడే కొత్తిమీర, పుదీనా, కరివేపాకు ఎంతో లెక్క కట్టలేం. పెద్ద అపార్టుమెంట్లలో ఆదివారం సంత పెట్టుకుంటున్నారు. ఫోనులో గ్రూపు పెట్టుకుని శనివారం రాత్రి ఆర్డరు తీసుకుని, ఆదివారం పొద్దున ఆటోలో తెచ్చి పంచే రైతులున్నారు. ఇదీ కొత్త చదువే. ఒకసారి కట్ట చిన్నదైతే, ఆకు వాడిపోతే, మాట తప్పితే గ్రూపులో అందరి ముందూ నిలదీస్తారు. మార్కెట్ యార్డులో ఈ బాధ లేదు.

క్యాంటీన్లకు, హాస్టళ్లకు ఇచ్చేవారు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. వాళ్లు నెలకోసారి డబ్బిస్తారు, కొందరు రెండు నెలలకు. కొందరు హాస్టలే ఎత్తేసి పోతారు. 2020లో కరోనా వచ్చి కంపెనీలన్నీ ఇళ్లనుంచే పని పెట్టినప్పుడు ఈ దారంతా రాత్రికి రాత్రి ఖాళీ అయింది. ఒక్క క్యాంటీన్‌నే నమ్ముకుని కూర పండించినవారి మడులు దున్నేయాల్సి వచ్చింది. నలుగురికి అమ్ముకునేవాడికి ఆ దెబ్బ తక్కువ తగిలింది.

బర్రెలు ఊరు దాటిన వైనం

పాల సంగతి వేరు. కూరల మడి ఎక్కడైనా ఒదిగిపోతుంది, బర్రె ఒదగదు. ఇళ్ల మధ్య పేడ, మూత్రం, దోమలు అంటూ అపార్టుమెంట్ల వాళ్లు ఫిర్యాదు చేస్తే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి నిలబడతారు. మేతకు బీడు లేదు, చెరువు శిఖంలో కంచె. అందుకని చాలామంది బర్రెలను అమ్మేశారు. కొందరు మాత్రం శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు కొద్ది భూమి తీసుకుని కొట్టం అక్కడ పెట్టి, వాడిక ఇళ్లు మాత్రం ఇక్కడివే ఉంచుకున్నారు. తెల్లవారి నాలుగింటికి పాలు పితికి ఆరింటికల్లా పాత ఖాతాదారుల గుమ్మంలో ఉంటారు. పశువు దూరం పోయినా గిరాకీ దగ్గర ఉండాలన్న తెలివి అది.

అట్లా చేయాలనుకునేవారికి మేత లెక్క చెబుతాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే. పాలిచ్చే బర్రెకు రోజుకు 25–30 కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండు మేత కావాలి. దాణా ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. దాణా కొని, గడ్డి కూడా కొని డెయిరీ నడిపితే పాల డబ్బు మొత్తం కొట్టుకు పోతుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కో–4 లేదా మన ఏపీబీఎన్–1 హైబ్రిడ్ నేపియర్ వేసుకుంటే నీళ్లు, ఎరువు సరిగ్గా ఉన్నచోట ఎకరాకు ఏడాదికి 120 టన్నుల దాకా రావచ్చు. అంటే 20 గుంటల్లో అయిదు బర్రెలకు ఏడాదంతా పచ్చిమేత. మొదటి కోత 75–80 రోజులకు, ఆ తర్వాత 45 రోజులకోసారి. రెండు కణుపుల ముక్కలు ఎకరానికి 12–13 వేలు పడతాయి. ఒక్కసారి నాటితే నాలుగైదేళ్లు చూసుకోనక్కర్లేదు. అన్ని బర్రెలూ ఒకే కాలంలో ఈనకుండా చూసుకోవాలి. వాడిక ఇళ్లకు వేసవిలో పాలు లేవంటే వాళ్లు పాకెట్ పాలకు మళ్లుతారు, మళ్లీ రారు.

మేత అనగానే మూసీ కిందివైపు ఊళ్ల సంగతి గుర్తొస్తుంది. పట్నం మురుగంతా కలిసి మూసీలో నీళ్లు పాడైన తర్వాత పీర్జాదీగూడ, ఆ చుట్టుపక్కల వరి దెబ్బతింది. అక్కడి రైతులు వరిని పట్టుకుని వేలాడలేదు. మురుగు నీటినీ, ఉప్పునూ తట్టుకునే పారా గడ్డికి మారారు. ఏడాది పొడుగునా కోత, రోజూ తెల్లారేసరికి పట్నంలోని బర్రెల కొట్టాలకు లారీలు. నీరు మురికిదే, అది ఆరోగ్యానికి మంచిది కాదన్నదీ నిజమే. గడ్డి కోసే ఆడవాళ్ల కాళ్లు చేతులు పుండ్లు పడేవి. ఆ నీటిని వాళ్లు అడిగి తెచ్చుకోలేదు. వచ్చిన నీటికి తగిన పంట వెతుక్కున్నారు, అంతే. ఈ మార్పుకు వాళ్లకు ఏ ఆఫీసరూ సలహా ఇచ్చి ఉండడని నా అనుమానం.

అన్ని మార్పులూ మంచివి కావు

మారాలి, మారాలి అని మా పేజీ కూడా ఎన్నోసార్లు రాసింది. ఏది కొత్తగా కనిపిస్తే దాని వెంట పడమని అర్థం కాదు. పాలీహౌస్‌ల సంగతే తీసుకోండి. తెలంగాణ వచ్చిన కొత్తలో 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల్లో జెర్బెరా పూల పందిళ్లు లేచాయి. పట్నంలో పెళ్లిళ్లు, ఫంక్షన్ హాళ్లు ఉన్నంతకాలం బాగానే నడిచింది. కానీ సబ్సిడీ పోను మిగతా 25 శాతం చాలామందికి బ్యాంకు అప్పే. పైన ప్లాస్టిక్ షీటు కొన్నేళ్లకు మార్చాలి. జెర్బెరా మొక్కలు మూడేళ్లకు మార్చాలి. ఈ రెండు ఖర్చులూ ఒకేసారి వచ్చి పడేసరికి, దానికితోడు 2020లో పెళ్లిళ్లు ఆగిపోయేసరికి, పూలను కోసి దిబ్బలో పోసిన రైతులున్నారు. ఇప్పుడు ప్లాస్టిక్ పూలు మరో పోటీ. పాలీహౌస్ చెడ్డదని కాదు. ఒక్క పువ్వు, ఒక్క మార్కెట్ మీద ఇల్లు కట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది. అదే పందిట్లో కీరదోస, రంగు మిరపకు మారినవారు తట్టుకున్నారు.

లాన్ గడ్డి మరొకటి. ఆఫీసుల ముందు పచ్చగా పరిచే మెక్సికన్ గడ్డికి ఈ ప్రాంతంలో గిరాకీ ఉంది, చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. గుణించి చూస్తే నోరూరుతుంది. కానీ గడ్డిని అమ్మేటప్పుడు వేళ్లతోపాటు పై మట్టిని పలకలుగా కోసి ఇచ్చేస్తాం. నాలుగు కోతలు తీస్తే చల్క నేలలో మిగిలేది మొరమే. ప్రతి కోతకూ ఎర్రమట్టి, పశువుల ఎరువు తిరిగి పోయగలిగినవారే ఆ పనికి దిగాలి. కడియం నుంచి వచ్చే మొక్కలు తెచ్చుకుని చిన్న నర్సరీ పెట్టడం, ఆఫీసుల తోటలను నెలవారీ గుత్తకు చూడటం అంతకంటే నయం. నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల రైతు కుటుంబాల పిల్లలు కొందరు ఈ పనిలోకే వెళ్లారు. మొక్కకు ఎప్పుడు నీళ్లు కావాలో, ఏ కొమ్మ కత్తిరించాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా.

ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు తగిలించుకున్నవారు కూడా తక్కువేం కాదు. పొలంలో బోరు, ఎదురుగా అపార్టుమెంటు. రోజుకు పది ట్రిప్పులు తోలితే ఏ పంటా ఇవ్వనంత డబ్బు. దీని మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది మార్పు కాదు, ఇల్లు కాల్చి చలికాచుకోవడం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద బోరు వేయాలన్నా, నీళ్లు అమ్మాలన్నా అనుమతి కావాలి. చట్టం పక్కన పెట్టినా, చుట్టూ బండరాయి ఉన్న నేల ఇది. మన బోరు రాత్రింబవళ్లు లాగితే పక్కవాడి కూరల మడి ఎండిపోతుంది, ఆ తర్వాత మనదీ ఎండుతుంది.

ఇక ఇంటి జాగాల్లో గదులు కట్టి అద్దెకిచ్చినవారు. ఊరి నడిబొడ్డున ఆవరణతో ఉన్న పాత పెంకుటిళ్ల చోట అయిదారంతస్తులు లేచాయి. నెల తిరిగేసరికి అద్దె. చెడ్డ ఆలోచన కాదు, చాలా కుటుంబాలు దీంతోనే నిలబడ్డాయి. అయితే ఆత్రంలో ఇంజినీరు లేకుండా, అనుమతి లేకుండా అంతస్తు మీద అంతస్తు వేస్తే ఏమవుతుందో ఈ ఊరు చూసింది. 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలోనే కడుతున్న ఏడంతస్తుల భవనం రాత్రిపూట కూలి 11 మంది చనిపోయారు. వాళ్లు కూలీలు. కొందరు విజయనగరం జిల్లా నుంచి, కొందరు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవారు. తమ ఊళ్లో ఎవుసం చాలక ఇక్కడికి వలస వచ్చి బతుకుతున్నవారు. మార్పు గురించి మాట్లాడేటప్పుడు, దాని కింద నలిగినవారి లెక్క కూడా ఉండాలి.

అమ్మకముందు చూసుకోవాల్సిన కాగితాలు

ఇది పొడిగా ఉంటుంది, అయినా చదవండి. లక్షల తేడా వస్తుంది.

సేకరణ కింద భూమి పోతే: పాత 1894 చట్టంలో మార్కెట్ విలువ మీద 30 శాతం సొలేషియం ఇచ్చేవారు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది 100 శాతం. గ్రామీణ ప్రాంతమైతే విలువను ఇంకా పెంచే గుణకం కూడా ఉంటుంది. ఊరు మున్సిపాలిటీలో కలిసిందా లేదా అన్నదాన్ని బట్టి పరిహారం మారుతుంది. కాబట్టి నోటిఫికేషన్ తేదీ, ఊరు కలిసిన తేదీ రెండూ రాసి పెట్టుకోవాలి.

పన్ను: పొలం అమ్మితే పన్నుండదని మనలో పెద్ద నమ్మకం. మారుమూల పొలానికి అది నిజం. మున్సిపాలిటీ లోపల ఉన్నా, 10 లక్షలకు మించిన జనాభా ఉన్న నగరానికి 8 కిలోమీటర్ల లోపల ఉన్నా ఆ పొలం అమ్మకంలో వచ్చిన లాభంపై పన్ను పడుతుంది. అమ్మిన రెండేళ్లలోపు వేరే వ్యవసాయ భూమి కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. అందుకు అమ్మకముందు రెండేళ్లు ఆ పొలంలో మనం గానీ, మన తల్లిదండ్రులు గానీ సేద్యం చేసి ఉండాలి. కొత్తగా కొన్న భూమిని మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు పోతుంది. అడంగల్, పహాణీ నకళ్లు, విత్తనాల బిల్లులు దాచుకోమనేది ఇందుకే. సొమ్ము చేతికి రాకముందే ఒక మంచి ఆడిటరును కలవండి, వచ్చిన తర్వాత కాదు. మా మామ కలవలేదు.

ఆడపిల్లల వాటా: ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా మన రాష్ట్రంలో 1986 చట్ట సవరణతోనే మొదలైంది. 2005లో దేశమంతా కొడుకుతో సమానం చేశారు. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కచెల్లెళ్ల సంతకం లేకుండా అమ్మి, తర్వాత కోర్టు చుట్టూ తిరిగే అన్నదమ్ములు ఔటర్ పక్కన ఎంతమందో. ముందే కూచోబెట్టి మాట్లాడుకుంటే అక్క మొహం చూసే యోగ్యత మిగులుతుంది.

జపాన్ వాళ్ల ఉపాయం

టోక్యో నగరం నడుమ ఇప్పటికీ కూరగాయల పొలాలు ఉన్నాయంటే నమ్ముతారా? నెరిమా అనే వార్డులో క్యాబేజీ, ముల్లంగి ఈనాటికీ పండిస్తున్నారు. పక్కనే రైలు స్టేషను, పక్కనే ఇళ్లు. 1991లో వాళ్లు చట్టం సవరించి, 30 ఏళ్లు సాగు చేస్తానని మాట ఇచ్చిన నగర రైతుకు పన్ను పొలం లెక్కనే వేస్తామన్నారు, ప్లాటు లెక్కన కాదు. ఆ రైతులు పొలం గట్టునే చిన్న గూడు పెట్టి, పొద్దున కోసింది పొద్దున్నే అమ్ముతారు.

మన దగ్గర అట్లాంటిది లేదు. ఉన్నదల్లా 1996 మార్చి నాటి 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాపాడటానికి చుట్టూ 10 కిలోమీటర్లలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు ఆపారు. నీళ్ల కోసం తెచ్చిన ఆంక్ష అది, రైతు కోసం కాదు. నానక్‌రామ్‌గూడ దాని బయట ఉంది, మొయినాబాద్ లోపల ఉంది. మొయినాబాద్‌లో పూలు, కూరలు ఇంతకాలం నిలిచాయంటే ఆ జీవోకు కూడా కొంత పాత్ర ఉంది. మా భూమికి ధర రాకుండా చేశారని అక్కడి రైతులు ఏళ్ల తరబడి కోపంగా ఉన్నారు. వారి కోపమూ న్యాయమే. పట్నానికి మంచినీళ్లు కావాలంటే ఆ ఖర్చు రైతొక్కడే ఎందుకు భరించాలి? టోక్యోలో పన్ను తగ్గించి రైతుకు కలిసొచ్చేలా చేశారు, ఇక్కడ ఉత్త ఆంక్ష పెట్టి వదిలేశారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు తెచ్చిన తర్వాత అక్కడా బ్రోకర్ల కార్లు తిరుగుతున్నాయి.

పంట మార్చుకోవాలనుకునేవారు హయత్‌నగర్‌లో క్రీడా సంస్థ నడిపే కృషి విజ్ఞాన కేంద్రానికి, రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, అక్కడే ఉన్న కూరగాయల పరిశోధన కేంద్రానికి వెళ్లి అడగొచ్చు. మట్టి, నీటి పరీక్షల కాగితం వెంట తీసుకెళ్లండి. ఉత్త చేతులతో పోతే వాళ్లూ ఉత్త మాటలే చెబుతారు.

ఈ వ్యాసం కోసం మొన్న నానక్‌రామ్‌గూడ వెళ్లినప్పుడు, రెండు మేడల మధ్య రేకులు పాతిన ఒక ఖాళీ జాగాలో డెబ్బై ఏళ్ల పెద్దాయన కొత్తిమీర కోస్తూ కనిపించాడు. భూమి ఎవరిదని అడిగితే, ఎవరిదో కంపెనీది బిడ్డా, పునాది తీసేదాకా ఏసుకొమ్మన్నరు అన్నాడు. పునాది ఎప్పుడంటే, దసరా తర్వాత అంటున్నరు, అప్పటికి ఇంకో రెండు కోతలు ఎల్తయి అన్నాడు. వచ్చే మడికి ధనియాలు అప్పటికే నానబోసి ఉన్నాయి, బకెట్టు మీద తడిగోనె కప్పి.